1998లో క్యారెక్టర్ ముఖ్యం, 2016లో కాదు. మధ్యలో ఏమైంది?

ప్రశ్న: డాలస్ ఉత్తరం

గొడవ పెట్టుకోవడానికి అడగట్లేదు, ముందే చెప్తున్నా. నిజంగానే అర్థం కాక అడుగుతున్నా.

మా పక్కింటి పెద్దాయన రిటైర్డ్ ఇంజనీరు, ఇక్కడి ఒక సదరన్ బాప్టిస్ట్ చర్చిలో డీకన్, అంటే చర్చి పెద్దల్లో ఒకరు. మంచి మనిషి. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ అంతా గడ్డకట్టి కరెంటు పోయినప్పుడు, వాళ్లింట్లో గ్యాస్ ఫైర్‌ప్లేస్ ఉందని మమ్మల్నీ మా అత్తగారినీ పిలిచి హాల్లో పడుకోబెట్టారు. మా ఆయనకి ఆపరేషన్ అయితే వాళ్ల చర్చి ఆడవాళ్లు వంతులేసుకుని భోజనం పంపారు, మేం మాంసం తినమని గుర్తుపెట్టుకుని మరీ. కాబట్టి 'మూర్ఖులు' అని రాసి చేతులు దులుపుకోవద్దు.

ఈయన ఒకసారి, అధ్యక్షుడు క్లింటన్ వైట్‌హౌస్ ఇంటర్న్‌తో సంబంధంలో దొరికిపోయిన రోజుల గురించి చెప్పారు. అప్పుడు వాళ్ల పిల్లలు చిన్నవాళ్లట, సాయంత్రం వార్తలు పెట్టాలంటే భయమేసేదట. 'పెళ్లానికిచ్చిన మాటే నిలబెట్టుకోనివాడు దేశానికిచ్చిన మాట ఏం నిలబెడతాడమ్మా' అన్నారు. నాకు ఆ మాట నచ్చింది. అదే పెద్దాయన లాన్‌లో 2016, 2020, 2024 మూడుసార్లూ ట్రంప్ బోర్డు ఉంది. మూడోసారి బోర్డు పాతే నాటికి న్యూయార్క్ జ్యూరీ 34 నేరాల్లో దోషి అని చెప్పేసింది కూడా. ఒక పోర్న్ నటి నోరు మూయించడానికి ఇచ్చిన డబ్బుని లెక్కల్లో దాచిన కేసు. ఎలా సార్ అని అడిగితే నవ్వి, 'మేం ఎన్నుకునేది పాస్టర్‌ని కాదమ్మా' అన్నారు.

సరే, రాజకీయం వేరు అనుకుందును. కానీ అదే వేసవిలో వాళ్ల చర్చిలో చంటిపిల్లల గది చూసుకునే ఒకమ్మాయిని ఆ పని నుంచి తప్పించారు. పెళ్లి కాకుండా గర్భం వచ్చింది, అదీ కారణం. వాళ్లమ్మ నాతో పనిచేస్తుంది, లంచ్ రూమ్‌లో ఏడ్చింది. 'పిల్లలు చూస్తున్నారు కదా' అన్నారట పెద్దలు.

పిల్లలు ఆ అమ్మాయినే చూస్తారా, అధ్యక్షుణ్ణి చూడరా? ఇది ఉత్త కపటమేనా, లోపల వేరే లెక్కేమైనా ఉందా?


జవాబు: లేటు కాఫీ

మీరన్న ఉత్త కపటమే అంటాను: శ్రీరంగ నీతులు. కొత్తగా 2016లో మొదలైందేం కాదు. మీ పెద్దాయన చెప్పే 1998లోనే క్లింటన్‌ని అభిశంసించినవాళ్ల వరస చూడండి.

ప్రతినిధుల సభ స్పీకర్, రిపబ్లికన్ న్యూట్ గింగ్రిచ్ ఆ సమయంలోనే సభలో పనిచేసే ఒకావిడతో సంబంధంలో ఉన్నాడు. 2007లో తనే ఒప్పుకున్నాడు, అదీ జేమ్స్ డాబ్సన్ అనే క్రైస్తవ కుటుంబ విలువల పెద్దమనిషి రేడియో కార్యక్రమంలో. గింగ్రిచ్ దిగిపోతే స్పీకర్‌గా ఎంచుకున్నది బాబ్ లివింగ్‌స్టన్‌ని. ఆయన సంబంధాలు బయటపడేసరికి 1998 డిసెంబరు 19న, అంటే సరిగ్గా అభిశంసన ఓటు రోజునే, సభలో లేచి నాకు పదవి వద్దన్నాడు. ఇక మచ్చలేని మనిషి కావాలని వెతికి డెనిస్ హాస్టర్ట్‌ని తెచ్చారు. ఎనిమిదేళ్లు స్పీకర్. 2016లో జైలుకెళ్లాడు. ఇల్లినాయ్‌లో స్కూల్లో కుస్తీ కోచ్‌గా ఉన్నప్పుడు కుర్రాళ్ల మీద లైంగిక అఘాయిత్యం చేశాడు, వాళ్లలో ఒకడి నోరు మూయించడానికి తన బ్యాంకు ఖాతాలోంచి డబ్బు దొంగచాటుగా తీస్తూ దొరికిపోయాడు. శిక్ష వేసిన జడ్జి 'సీరియల్ చైల్డ్ మొలెస్టర్' అని మొహం మీదే అన్నాడు.

అభిశంసన కేసుని సెనేట్‌లో వాదించిన హెన్రీ హైడ్‌కీ పాత వ్యవహారం ఉంది. అడిగితే 'కుర్రతనపు పొరపాటు' అన్నాడు. అప్పటికి ఆయనకి నలభై దాటింది. అమెరికాలో కుర్రతనం చాలా పొడుగు లెండి.


జవాబు: సౌండ్ బూత్

లేటు కాఫీ గారు చెప్పినవన్నీ నిజమే గానీ, అడిగినావిడ ప్రశ్నకి అది జవాబు కాదు. గింగ్రిచ్, హాస్టర్ట్ దాచుకున్నారు. దాచుకున్నారంటే తప్పని ఒప్పుకున్నట్టే. పక్కింటి పెద్దాయన ఏదీ దాచట్లేదు. బోర్డు రోడ్డు మీదే పాతాడు. ఆవిడ అడిగేది దాని గురించి.

నేను టెన్నెసీలో ఉంటాను, నాష్‌విల్‌కి దక్షిణాన. మాది మూడు తరాల బాప్టిస్ట్ కుటుంబం. ఇక్కడికొచ్చాక ఒక చర్చిలో చాలా ఏళ్లు సౌండ్ చూశాను: మైకులు, మిక్సర్, రికార్డింగ్. ఒక వేసవిలో స్టోర్‌రూమ్‌లో పాత ప్రసంగాల క్యాసెట్లు బయటపడితే, వాటిని కంప్యూటర్లోకి ఎక్కించే పని నాకు అప్పగించారు. అందులో 1998 శరదృతువుది ఒకటి ఉంది. పాస్టర్ గారు రెండో సమూయేలు 12వ అధ్యాయం తీసుకున్నారు. దావీదు రాజు ఊరియా భార్యని తెచ్చుకుని, ఊరియాని యుద్ధంలో ముందు నిలబెట్టి చంపించాడు. నాతాను ప్రవక్త రాజు ఎదుటికే వెళ్లి 'ఆ మనుష్యుడవు నీవే' అంటాడు. పాస్టర్ గారు క్లింటన్ పేరెత్తలేదు, ఎత్తక్కర్లేదు కూడా. ప్రవక్త పని రాజుని గద్దించడమే గానీ రాజుకి సాకులు వెతకడం కాదన్నారు. టేపులో ఆమెన్లు ఎంత గట్టిగా ఉన్నాయంటే లెవెల్ తగ్గించాల్సి వచ్చింది.

2016 అక్టోబరుది నేనే రికార్డు చేశాను. ఆడవాళ్లని ఎక్కడ పట్టుకున్నా ఊరుకుంటారని ట్రంప్ గొప్పలు చెప్పుకున్న యాక్సెస్ హాలీవుడ్ టేపు వచ్చిన కొత్త. అదే పాస్టరు, అదే దావీదు. ఈసారి నాతాను రాలేదు. దావీదు పాపం చేసినా దేవుడు వాడుకున్నాడు, పర్షియా రాజు కోరెషు అన్యుడైనా యూదుల్ని చెర విడిపించడానికి దేవుడు వాడుకున్నాడు, తీర్పు తీర్చడానికి మనమెవరం? ఇదీ ప్రసంగం. దావీదు పశ్చాత్తాపపడి కన్నీళ్లు పెట్టుకున్న సంగతి మాత్రం రాలేదు. రాదు మరి. 2015 జులైలో అయోవాలోని ఏమ్స్‌లో, క్రైస్తవ కార్యకర్తల సభలోనే, దేవుణ్ణి ఎప్పుడైనా క్షమాపణ అడిగావా అంటే ట్రంప్ అడిగినట్టు లేదనే చెప్పాడు.

పాస్టర్ గారు వేషగాడని నేననను. మా నాన్న పోయినప్పుడు మా ఇంట్లో రాత్రంతా కూర్చున్న మనిషి. రెండు ప్రసంగాలూ మనస్ఫూర్తిగానే చేశారు. అదే నన్ను భయపెట్టింది.

మా చర్చి ఒక్కటే కాదు. మా చర్చీలన్నిటి సమాఖ్య అయిన సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్ 1998 జూన్‌లో సాల్ట్ లేక్ సిటీలో సమావేశమై, ప్రభుత్వ పెద్దల శీలం గురించి తీర్మానం చేసింది. నాయకుల ఘోరమైన తప్పుల్ని సహిస్తే సమాజం మనస్సాక్షి మొద్దుబారిపోతుందని అందులో ఉంది. ఇక పీఆర్‌ఆర్‌ఐ అనే సర్వే సంస్థ 2011లో ఒక ప్రశ్న అడిగింది: సొంత జీవితంలో అనైతికంగా నడిచిన నాయకుడు పదవిలో నీతిగా ఉండగలడా? తెల్ల ఇవాంజెలికల్స్‌లో, అంటే మా బాప్టిస్టుల్లాంటి సంప్రదాయ ప్రొటెస్టెంట్లలో, ఉండగలడన్నవాళ్లు 30 శాతం. 2016లో అదే ప్రశ్నకి 72 శాతం. దేశంలో ఇంకే మత వర్గమూ ఇంతలా మారలేదు. అయిదేళ్లలో బైబిల్ అయితే మారలేదు కదా.

ఇప్పుడు అసలు సంగతి. ఇదే వర్గం రిపబ్లికన్ అభ్యర్థులకి వేసిన ఓట్లు చూడండి. ప్యూ సంస్థ ఎగ్జిట్ పోల్స్ లెక్క ప్రకారం 2004లో బుష్‌కి 78 శాతం, 2008లో మెకెయిన్‌కి 74, 2012లో రామ్నీకి 78, 2016లో ట్రంప్‌కి 81. రామ్నీ ఒకే భార్య, అయిదుగురు కొడుకులు, తాగుడు లేదు. ట్రంప్ సంగతి తెలిసిందే. ఇద్దరికీ పడినవి ఇంచుమించు ఒకే ఓట్లు. అంటే క్యారెక్టర్ చూసి ఓటెయ్యడం 2016లో మానేశారనడం కూడా తప్పే. ఓటు ముందే ఖాయం. చెప్పే కారణం మారింది, అంతే. 1998లో ఎదుటివాణ్ణి కొట్టడానికి ఆ కారణం పనికొచ్చింది, 2016లో తమవాడికే తగిలేసరికి పక్కన పెట్టారు.

1980 అధ్యక్ష ఎన్నికల్లోనే ఇది కనిపించింది. జిమ్మీ కార్టర్ సదరన్ బాప్టిస్ట్, ఆదివారం బడిలో పాఠం చెప్పే మనిషి. రీగన్ విడాకులు తీసుకుని మళ్లీ పెళ్లి చేసుకున్నవాడు. కాలిఫోర్నియా గవర్నర్‌గా 1967లో గర్భస్రావం చట్టాన్ని సడలించిందీ, 1969లో విడాకులు తేలిక చేసిందీ ఆయన సంతకమే. పాస్టర్ జెర్రీ ఫాల్వెల్ పెట్టిన క్రైస్తవ రాజకీయ సంస్థ మోరల్ మెజారిటీ నిలబడింది రీగన్ వెనకే.


జవాబు: పీచ్‌ట్రీ

సౌండ్ బూత్ గారు మంచి లెక్కలు చెప్పారు గానీ 'తెల్ల' అన్న మాట మీద ఎవరూ ఆగట్లేదు. నేను అట్లాంటాలో ఉంటాను. ఇక్కడ నల్లవాళ్ల బాప్టిస్ట్ చర్చీల్లో బైబిల్ అదే, పాటలు చాలా వరకు అవే, పెళ్లి గురించి చెప్పే మాటలూ దాదాపు అవే. ఓట్లు మాత్రం డెమొక్రాట్లకి. ఎబనీజర్ చర్చి పాస్టర్ రాఫెల్ వార్నాక్ డెమొక్రాట్ సెనేటర్. నీతి ఒక్కటే ఓటుని నడిపిస్తే రెండు చర్చీలూ ఒకే పార్టీకి వెయ్యాలి కదా?

సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్ 1845లో ఉత్తరాది వాళ్ల నుంచి విడిపోయింది బానిసల యజమానులు మిషనరీలు కావచ్చా అన్న తగవు మీద. క్షమాపణ చెప్పింది 1995లో. నూట యాభై ఏళ్లకి.


జవాబు: ఓటు నాదే

అందరూ ఒకవైపే రాస్తున్నారు కాబట్టి రెండో వైపు నేను చెప్తా. సిటిజన్‌షిప్ వచ్చిన దగ్గర్నుంచీ రిపబ్లికన్‌కే వేస్తున్నా, ట్రంప్‌కీ వేశా, సిగ్గేం లేదు. నేను క్రైస్తవుణ్ణి కాదు, కానీ కడుపులో బిడ్డది ప్రాణమే అని నమ్ముతా.

మొదటిది. 1998లో డెమొక్రాట్లు ఏమన్నారు? అది ఆయన సొంత విషయం అన్నారు. అప్పట్లో మహిళా హక్కుల వాళ్లలో చాలామంది పెద్దలు క్లింటన్ వెనకే నిలబడ్డారు. ఎదురుగా ఉన్నది ఇరవై రెండేళ్ల ఇంటర్న్. ఎలియట్ స్పిట్జర్ అటార్నీ జనరల్‌గా వ్యభిచార ముఠాల మీద కేసులు పెట్టి, గవర్నర్ అయ్యాక తనే అలాంటి చోట కస్టమర్‌గా దొరికి 2008లో దిగిపోయాడు. గురివింద తన నలుపెరగదంటారు.

రెండోది. మీరు నిజంగా గర్భస్రావాన్ని హత్య అనుకుంటే, దాన్ని ఆపేవాడి పడకగది మీకెందుకు? రామ్నీలాంటి మచ్చలేని మనిషిని నిలబెట్టాం, ఓడాడు. ట్రంప్ 2016 మేలో జడ్జిల పేర్ల జాబితా ముందే చేతిలో పెట్టాడు, గెలిచాక ముగ్గుర్ని సుప్రీంకోర్టుకి పంపాడు, 2022 జూన్ 24న, గర్భస్రావాన్ని హక్కు చేసిన పాత రో తీర్పు పోయింది. మాటిచ్చాడు, నిలబెట్టుకున్నాడు. మీ పక్కింటి పెద్దాయన తరఫున నేనే జవాబిస్తున్నా అనుకోండి.


జవాబు: సౌండ్ బూత్

ఓటు నాదే గారూ, స్పిట్జర్ విషయంలో ఒక్క ముక్క కాదనను. క్లింటన్‌ని వెనకేసుకొచ్చినవాళ్లు తర్వాత చాలా నీళ్లు నమిలారు. కానీ ఆ పార్టీ శీలం పేరు మీద సంస్థలు పెట్టలేదు, చందాలు పోగెయ్యలేదు. తేడా అక్కడ.

మీ రెండో మాట బలమైనదే. బేరం కుదుర్చుకున్నామని అలా సూటిగా చెప్తే నేను కపటం అనను. 2018లో ఫ్యామిలీ రీసెర్చ్ కౌన్సిల్ అనే సంప్రదాయ క్రైస్తవ సంస్థ అధ్యక్షుడు టోనీ పెర్కిన్స్ దాదాపు అలాగే చెప్పాడు. గోల్ఫ్‌లో చెడ్డ షాట్ కొడితే లెక్కలోంచి తీసేసి మళ్లీ కొట్టనిస్తారు చూడండి, పోర్న్ నటి వ్యవహారంలో ట్రంప్‌కి అలాంటి వెసులుబాటు ఇచ్చామన్నాడు. కానీ మా చర్చిలో బేరం అని ఎవరూ అనలేదు. దేవుడు పంపాడన్నారు. బేరం అంటే రేపు ధర కుదరకపోతే లేచి వెళ్లొచ్చు, దేవుడు పంపినవాడి దగ్గర్నుంచి లేచి వెళ్లడం కుదరదు.

ఇక మచ్చలేనివాళ్లతో పని కాలేదన్నారు. రోని కొట్టేసిన తీర్పు రాసిన జడ్జి అలీటోని పంపింది చిన్న బుష్, కలిసి సంతకం పెట్టిన టామస్‌ని పంపింది పెద్ద బుష్. రోని కొట్టేసిన అయిదుగురు జడ్జిల్లో ఇద్దరు వాళ్లు పంపినవాళ్లే.

గర్భస్రావం మాటకే వస్తే మా టెన్నెసీ నాలుగో నియోజకవర్గం సంగతి వినండి. మా ప్రతినిధి స్కాట్ డెజార్లే, డాక్టరు. గర్భస్రావానికి పూర్తి వ్యతిరేకి. 2012 అక్టోబరులో పాత ఫోన్ సంభాషణ ఒకటి బయటికొచ్చింది: తనతో సంబంధం ఉన్న పేషెంటునే గర్భం తీయించుకోమని ఒత్తిడి చేస్తున్నాడు. నవంబరులో గెలిచాడు. ఆ తర్వాత విడాకుల కేసు కాగితాలు వచ్చాయి, మొదటి భార్య రెండు గర్భస్రావాలకి తను ఒప్పుకున్నానని అందులో చెప్పాడు. మెడికల్ బోర్డు పేషెంట్లతో సంబంధాలకి మందలించి 500 డాలర్ల జరిమానా వేసింది. పార్టీ అభ్యర్థిని ఎన్నుకునే 2014 ప్రైమరీలో 38 ఓట్లతో బయటపడ్డాడు. ఆ తర్వాత కష్టమే లేదు, 2024లో కూడా గెలిచాడు. బిడ్డ ప్రాణమే అన్నిటికన్నా ముఖ్యమైతే ఆ ప్రైమరీలోనే ఇంకో గర్భస్రావ వ్యతిరేకి ఉన్నాడు కదా, అతనికి వెయ్యడానికి అడ్డేంటి? పెన్సిల్వేనియా ప్రతినిధి టిమ్ మర్ఫీ ఇలాంటి గొడవలోనే 2017లో రాజీనామా చేసి వెళ్లిపోయాడు. అంటే చెయ్యాలనుకుంటే చెయ్యొచ్చు.


జవాబు: ఓటు నాదే

డెజార్లే సంగతి నాకు తెలీదు. ఆ ప్రైమరీలో నేనుంటే రెండోవాడికే వేసేవాణ్ణి. అసలు ఎన్నికలో మాత్రం మళ్లీ ఆయనకే.


జవాబు: డాలస్ ఉత్తరం

అందరికీ థాంక్స్. ఓటు నాదే గారూ, మీ జవాబు కోపంగా ఉన్నా సూటిగా ఉంది, మా పెద్దాయన కూడా ఇంత సూటిగా చెప్పుంటే బాగుండేది.

కానీ నా బుర్రలో ఇంకా ఆ అమ్మాయే ఉంది. అధ్యక్షుడితో బేరం అర్థమైంది. ఆమెతో ఎందుకు లేదు బేరం? పిల్లల్ని బాగా చూసుకుంటుంది కదా, అక్కడ కూడా 'మాకు పాస్టర్ కాదు, పిల్లల్ని చూసేవాళ్లు కావాలి' అనుకోవచ్చుగా?


జవాబు: సౌండ్ బూత్

ఎందుకంటే ఆమె దగ్గర ఇవ్వడానికి సుప్రీంకోర్టు సీటు లేదు.

ఇది వెటకారం కాదండీ. చర్చిలో శిక్ష ఎప్పుడూ బలం లేనివాళ్ల మీదే సులువుగా పనిచేస్తుంది. 2019లో హ్యూస్టన్, శాన్ ఆంటోనియో పత్రికలు కలిసి రాశాయి: ఇరవై ఏళ్లలో సదరన్ బాప్టిస్ట్ చర్చీల్లో లైంగిక వేధింపుల బాధితులు 700 మందికి పైగా, నిందితుల్లో పాస్టర్లున్నారు, యూత్ లీడర్లున్నారు. ప్రతి చర్చీ స్వతంత్రం కాబట్టి నిందితుల జాబితా పెట్టడం మా చేతుల్లో లేదని కన్వెన్షన్ పెద్దలు బాధితులతో ఏళ్ల తరబడి చెప్పారు. 2022 మేలో బయటి సంస్థ విచారణ నివేదిక వచ్చింది. జాబితా ఉంది. ఆఫీసులోనే రహస్యంగా రాసుకుంటూ వచ్చారు. చంటిపిల్లల గదిలోంచి ఒక గర్భిణిని తప్పించడానికి ఒక మీటింగ్ చాలు, ఈ నిందితుల దగ్గరకొచ్చేసరికి చర్చి స్వాతంత్ర్యం అడ్డొచ్చింది.

నేను సౌండ్ చూడటం మానేశాను, నమ్మకం మానలేదు. ఇప్పుడు వేరే చిన్న చర్చికి వెళ్తున్నాం. ఆ అమ్మాయి తల్లికి నా తరఫున చెప్పండి, అలాంటివాళ్లకి బిడ్డ పుట్టాక ఉయ్యాల దగ్గర్నుంచి కొనిపెట్టే చర్చీలు కూడా డాలస్ చుట్టుపక్కల ఉన్నాయి, వెతకమనండి.


జవాబు: డాలస్ ఉత్తరం

తప్పకుండా చెప్తాను. ఒక్క చిన్న ప్రశ్న: ఆ 1998 తీర్మానం ఇప్పుడు దొరుకుతుందా? మా పెద్దాయనకి చూపించాలని ఉంది, గొడవకి కాదు.


జవాబు: సౌండ్ బూత్

కన్వెన్షన్ వెబ్‌సైట్‌లోనే ఉంది, పాత తీర్మానాలూ ఉంటాయి. అక్కడే 1971ది కూడా చదవండి. తల్లి మానసిక ఆరోగ్యం దెబ్బతినే అవకాశం ఉన్నా గర్భస్రావానికి చట్టం ఒప్పుకోవాలని అందులో అడిగారు, మీకు ఆశ్చర్యంగా ఉంటుంది. ఆ పాత వైఖరి తప్పని 2003లో ఇంకో తీర్మానం చేసి వెనక్కి తీసుకున్నారు. నాయకుల శీలం గురించిన 1998 తీర్మానాన్ని మాత్రం తప్పని ఎవరూ వెనక్కి తీసుకోలేదు. పెద్దాయన దాన్ని చూసి ఏమన్నారో ఇక్కడ రాయండి.